వేప – విత్తు నుండి వృక్షము వరకు

వేపచెట్టును గురించి వ్యాసము వ్రాయవలసిన అవసరమేమున్నదని విద్యార్థి మిత్రులు అడుగవచ్చును. మన చిల్లకల్లు, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములలో వేప లేని ఊరు లేదు. బొడ్రాయి దగ్గర వేప, పీర్ల చావిడి ముందు వేప, పొలము గట్టున వేప, బడి ఆవరణలో వేప. పుట్టిననాటి నుండి చూస్తున్న చెట్టును గురించి క్రొత్తగా తెలిసికొనవలసినది ఏముంటుందన్న సందేహము సహజమే. కాని ఒక చిన్న ప్రశ్నకు సమాధానము చెప్పి చూడండి. మీ ఇంటి ముందున్న వేపను ఎవరు నాటినారు? మేము ఎందరిని అడిగినా, “ఎవరూ నాటలేదండీ, అదే మొలిచినది” అన్నవారే ఎక్కువ.

ఆ సమాధానములో నిజమున్నది. కాకులు, గోరువంకలు, పిగిలిపిట్టలు, గబ్బిలములు వేపపండు గుజ్జు తిని గింజను ఎక్కడనో విడుస్తవి. ఆ గింజ తొలకరి తడికి మొలుస్తుంది. ఈ పనిని పక్షులు చేస్తుండగా మనము చేయవలసినదేమున్నదని తరతరములుగా అనుకొన్నాము. కాని నేడు గింజ పడిన చోట మన్ను లేదు. వీధులు సిమెంటు పరచుకొన్నవి, ముంగిళ్ళు బండలైనవి. మన ఊరి మీదుగా హైదరాబాదు నుండి విజయవాడకు పోవు జాతీయ రహదారి 2012 నాటికి నాలుగు వరుసలైనది. దారి వెడల్పయిన కొలది అంచున నిలిచే చెట్టుకు చోటు తగ్గినది. పక్షి విడిచిన విత్తు బండమీద ఎండిపోతున్నది. కనుక వేపను మనిషి పూనుకొని విత్తవలసిన కాలము వచ్చినది. దానిని ఎప్పుడు, ఏ విధముగా విత్తవలెనో, మొలచిన మొక్కను ఎట్లు కాపాడవలెనో తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

పేరు వెనుక కథ

తెలుగులో వేప, వేము, తమిళములో వేంబు, కన్నడములో బేవు. సంస్కృతములోని నింబము హిందీ, ఉర్దూ భాషలలో నీమ్ అయినది. వృక్షశాస్త్రములో దీని పేరు అజాడిరాక్టా ఇండికా. 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆద్రియెన్ ద జుస్యూ ఈ పేరును స్థిరపరచినాడు. చూచుటకు లాటిను పేరువలె కనిపించే ఈ మాటలో ఫారసీ దాగియున్నది. ఆజాద్ అనగా స్వేచ్ఛ గలది, దరఖ్త్ అనగా చెట్టు. ఉర్దూ చదివే మన విద్యార్థులకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. భారతదేశపు స్వేచ్ఛావృక్షమని ఆ పేరునకు అర్థము.

ఇందులో ఒక చమత్కారము కలదు. ఫారసీలో ఆజాద్ దరఖ్త్ అన్న పేరు మొదట మన వేపది కాదు. దానికి దాయాదియైన మరొక చెట్టుది. ఆ చెట్టును తెలుగువారు తురకవేప అన్నారు. అనగా, పారశీకుల చెట్టు పేరు మన వేపకు వచ్చినది. మన వేప పేరు వారి చెట్టుకు వెళ్ళినది. రెండు భాషలు ఇరుగుపొరుగున జీవించినప్పుడు మాటలు ఈ విధముగనే చేతులు మారుతవి.

పేర్లు కలిసినను గింజ ఏరునప్పుడు చెట్లను కలుపరాదు. వేప ఆకులో ఈనెకు ఇరువైపుల రంపపు అంచు గల చిన్న ఆకులు ఒక్క వరుసగా ఉంటవి. తురకవేపలో ఆ ఈనె మరల చీలి, ఆకు గుబురుగా కనిపిస్తుంది. వేపపూవు తెల్లనిది, తురకవేప పూవు లేత ఊదారంగుది. వేపపండు కోలగా ఉండి, పండగానే రాలుతుంది. తురకవేప కాయ గుండ్రముగా ఉండి, ఆకు రాలిన తరువాత కూడ కొమ్మలకు వ్రేలాడుతుంది. దాని కాయలు మనుష్యులకు విషము. పిల్లలను వెంటబెట్టుకొని గింజలేరువారు ఈ భేదమును మొదట చూపవలెను.

మా ప్రథమ వైఫల్యము

వేపను పెంచు విధానమును మేము పుస్తకములో చదివి నేర్చుకొనలేదు. పరాభవము పొంది నేర్చుకొన్నాము. 2022 జూన్ నెలలో మా విద్యార్థులు ఎంతో ఉత్సాహముతో ఒక డబ్బా నిండ వేపగింజలు ఏరి తెచ్చినారు. స్వాతంత్ర్య దినోత్సవమునాడు పెద్దల చేతులమీదుగా వానిని విత్తించవలెనని నిశ్చయించి, డబ్బాకు గట్టిగా మూతపెట్టి బీరువాలో భద్రపరచినాము. ఆగస్టు 15న ఉపన్యాసములు జరిగినవి; ఛాయాచిత్రములు తీయించుకొన్నాము; వరుసగా సంచులు పేర్చి గింజలు విత్తినాము. ఆగస్టు గడచినది, సెప్టెంబరు గడచినది. ఒక్క మొలకయు రాలేదు. నీరు సరిగా పోయలేదని విద్యార్థులను కోప్పడినాము కూడ. చివరకు ఒక సంచి మట్టిని విప్పి, గింజను పగులగొట్టి చూచినాము. లోపలి పప్పు గోధుమరంగుకు తిరిగి ఉన్నది. మేము విత్తిననాటికే ఆ గింజలలో ప్రాణము లేదు. తప్పు పిల్లలది కాదు, మాది. ఆ మాటను తరగతిలో వారితో చెప్పి మన్నించుమన్నాము. స్వేచ్ఛావృక్షమని పేరు పొందిన చెట్టు మన వేడుక తేదీ కొరకు వేచియుండదని ఆనాడు బోధపడినది.

విత్తనపు ఆయుష్షు

వరి, జొన్న, కంది గింజలు ఎండినకొలది నిద్రపోయి, మరుసటి సంవత్సరము మేల్కొంటవి. గాదెలో విత్తనము దాచుకొను అలవాటు మన రైతునకు ఆ గింజలు నేర్పినదే. వేపగింజ ఆ జాతిది కాదు. మామిడి టెంక, పనసగింజ వలె ఇది కూడ తాజాగా ఉన్నప్పుడే మొలకెత్తవలసిన విత్తనము. పండు నుండి తీసిన మొదటి వారములో విత్తితే ఎక్కువ భాగము మొలుస్తవి. రెండు మూడు వారములు గడచిన కొద్దీ ఆ శక్తి త్వరత్వరగా క్షీణిస్తుంది. రెండు మూడు నెలలు నిలువయుంచిన గింజపై ఆశ పెట్టుకొనరాదు. గాలి చొరని డబ్బాలోను, పాలిథీన్ సంచిలోను ఉంచితే గింజ ఊపిరాడక ఇంకను వేగముగా చెడుతుంది.

విత్తనములో జీవమున్నదో లేదో తెలిసికొను సులభ పరీక్ష ఒకటి కలదు. నాలుగైదు గింజలను పగులగొట్టి లోపలి పప్పును గోటితో చీల్చి చూడవలెను. పప్పు పచ్చగా, ఆకురంగులో ఉంటే విత్తనము సజీవము. పసుపు, గోధుమ రంగులకు తిరిగితే ఆ గింజలు విత్తుటకు పనికిరావు.

గింజల సేకరణ

మన ప్రాంతమున వేప ఉగాది నాటికి పూస్తుంది. జూన్, జూలై నెలలలో పండుతుంది. ఆకుపచ్చని కాయ పసుపురంగుకు తిరిగినప్పుడు కోయవలెను. చెట్టు క్రింద దుప్పటి పరచి కొమ్మను మెల్లగా ఊపితే పక్వమైన పండ్లు వాటంతట అవియే రాలుతవి. ఆ ఉదయము రాలిన పండ్లను కూడ ఏరుకొనవచ్చును. బురదలో నాని బూజు పట్టినవానిని వదలివేయవలెను.

తల్లిచెట్టును ఎంచుకొనుటలో శ్రద్ధ వహించవలెను. నిటారైన మొదలు, నిండైన కొమ్మలు, ఎండు రెమ్మలు లేని తల గల చెట్టు మంచిది. ఒకే చెట్టు గింజలతో తృప్తిపడక నాలుగైదు చెట్ల నుండి సేకరించుట మేలు. విత్తనము నుండి పెరిగిన పిల్లలు ఒకదానివలె ఒకటి ఉండవు. ఆ భిన్నత్వమే రేపు తెగులు వచ్చినప్పుడు కొన్నిటినైనను నిలబెట్టగలదు.

తెచ్చిన పండ్లను కుప్పగా పోసి ఉంచరాదు. గుజ్జు పులిసి వేడి పుడుతుంది; ఆ వేడికి గింజ చస్తుంది. ఆనాడే బక్కెటు నీటిలో కొన్ని గంటలు నానబెట్టి, ఇసుకతో గాని గోనెపట్టాతో గాని రుద్ది గుజ్జు పోగొట్టవలెను. కడిగినప్పుడు తేలిన తాలు గింజలను పారవేసి, మునిగిన వానిని తీసికొని, నీడలో రెండు రోజులు ఆరబెట్టవలెను. ఎండలో పోయుట పనికిరాదు. ఈ విధముగా శుభ్రపరచిన గింజలు కిలోకు దాదాపు 4,000 వరకు తూగుతవి. ఒక వీధికి పిడికెడు గింజలే చాలును.

సంచులలో విత్తుట

మన ప్రాంతములో నల్లరేగడి ఎక్కువ. అది తడిసినప్పుడు జిగురై, ఎండినప్పుడు బీటలు వారుతుంది. లేతవేరునకు అనుకూలము కాదు. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగుగా మాగిన పశువుల ఎరువు కలిపి జల్లించిన మట్టి శ్రేష్ఠము. పచ్చి ఎరువు వేయరాదు. పాలిథీన్ సంచులు జానెడు లోతు ఉండవలెను. అడుగున, ప్రక్కల నీరు పోవుటకు రంధ్రములు వేయవలెను. పాతబడిన పాల సంచులు, నూనె సంచులు కడిగి వాడినను సరిపోవును.

సంచికి రెండు గింజల చొప్పున, వ్రేలి గోరంత లోతున, అడ్డముగా పరుండబెట్టి విత్తవలెను. పైన మట్టి పలుచగా కప్పి, సన్నని జల్లుతో తడుపవలెను. మట్టి చెమ్మగా ఉంటే చాలును. నీరు నిలిస్తే గింజ కుళ్ళుతుంది. తాజా గింజ 8 లేక 10 దినములకే తల ఎత్తవచ్చును. మూడు వారముల వరకు ఓపిక పట్టవలెను. రెండును మొలిచినచో బలమైన దానిని ఉంచి, రెండవదానిని లేతగా ఉండగనే వేరొక సంచిలోనికి మార్చవచ్చును.

మొదటి కొన్ని వారములు తాటాకు పందిరి వంటి పలుచని నీడ అవసరము. తరువాత క్రమముగా ఎండకు అలవాటు చేయవలెను. వేప తల్లివేరు చురుకైనది. పైన నాలుగాకులు కనిపించునప్పటికి వేరు సంచి అడుగును తాకుతుంది. సంచులను నెలకొకసారి కదలించి పెట్టకపోతే ఆ వేరు సంచిని చీల్చి నేలలోనికి దిగుతుంది. అప్పుడు మొక్కను ఎత్తబోతే తల్లివేరు తెగుతుంది. మా మిత్రులు కొందరి మొక్కలు నాటిన వారములోనే వాడుటకు కారణమిదియే.

నేలలో నాటుట

మొక్క అడుగెత్తు పెరిగి, కాండము కొంత గట్టిపడిన తరువాత నాటవలెను. జూన్‌లో విత్తిన మొక్కలను నీటి వసతి ఉన్నచోట ఆ వానాకాలము చివరనే నాటవచ్చును. వర్షముపైననే ఆధారపడిన మెట్టలో మరుసటి తొలకరి వరకు సంచిలోనే కాపాడుట క్షేమము. గుంత అడుగున్నర పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు ఉండవలెను. పై మట్టిలో మాగిన ఎరువు కలిపి నింపవలెను. రెండు చెట్ల నడుమ 20 అడుగుల దూరము విడువవలెను. విద్యుత్తు తీగల క్రింద నాటుట అనగా చెట్టును ముందుగనే గొడ్డలికి ఒప్పగించుట.

వేప బీదనేలను సహిస్తుంది, ఎండను సహిస్తుంది. వేరు దగ్గర నిలిచిన నీటిని మాత్రము సహింపదు. రేగడి పల్లములో నాటవలసివస్తే చిన్న దిబ్బ చేసి దానిపై నాటవలెను.

మొదటి వేసవి

నాటిన తరువాత మొదటి సంవత్సరము మొక్క పైకి అంతగా పెరుగదు. బ్రతుకునో లేదో యని నాటినవారు దిగులు పడతారు. ఆ కాలములో అది లోపలికి పెరుగుతున్నది. వేరు తడిని అందుకొన్న తరువాత ఎదుగుదల కంటికి కనిపిస్తుంది. అంతవరకు మనదే భారము. మార్చి నుండి తొలకరి వరకు వారమునకు ఒకటి రెండుసార్లు నిండు బిందెడు నీరు పాదులో పోయవలెను. దినమునకొక చెంబెడు పోయుటకంటె ఇది మేలు. నీరు లోతునకు ఇంకి, వేరును క్రిందికి పిలుస్తుంది. పాదులో ఎండుటాకులు, చెత్త కప్పితే తడి ఆరదు. మసీదులో వజూ చేసిన నీరు, వంటింట బియ్యము కడిగిన నీరు మురుగు కాలువ పాలు కాకుండ పాదులోనికి మళ్ళించవచ్చును.

వేప చేదు కనుక మేకలు ముట్టవని కొందరి నమ్మకము. అది వట్టిమాట. మేకలు లేత వేపాకును ఇష్టముగా తింటవి. మొక్క మనిషెత్తు దాటువరకు చుట్టును తుమ్మకంప కట్టవలెను. నేరుగా ఎదుగుటకు క్రింది కొమ్మలను కొద్దికొద్దిగా తీయవచ్చును, ఒక్కసారిగా దూయరాదు. మూడు నుండి ఐదు సంవత్సరములలో చెట్టు కాపునకు వస్తుంది. బాగుగా ఎదిగిన చెట్టు ఏటా 30 నుండి 50 కిలోల పండ్ల నిస్తుంది.

వేపకు వచ్చిన రోగము

అందరి రోగములను కుదుర్చు చెట్టుకే రోగము వచ్చిన దృశ్యమును మనము 2021లో చూచినాము. ఆ సంవత్సరము తెలంగాణ జిల్లాలలోను, మన ఆంధ్ర ప్రాంతములోను వేపచెట్ల చివుళ్ళు మాడి, కొమ్మలు కొనల నుండి వెనుకకు ఎండినవి. నిప్పు తగిలినట్లున్న చెట్లను చూచి పల్లెలలో జనులు కీడు శంకించినారు. ఫోమాప్సిస్ అజాడిరాక్టే అను శిలీంధ్రము దీనికి ప్రధాన కారణమని, రసము పీల్చు తేయాకు దోమ కూడ తోడైనదని శాస్త్రజ్ఞులు గుర్తించినారు. పెద్ద చెట్లు చాలవరకు మరల చిగిర్చినవి. లేతమొక్కలకు అంత శక్తి ఉండదు.

ఎండిన రెమ్మను పచ్చిభాగము వచ్చువరకు క్రిందికి కోసి, కోసినదానిని చెట్టు క్రిందనే పడవేయక కాల్చివేయుట ప్రథమ చికిత్స. మందు చల్లవలసివస్తే వ్యవసాయాధికారి సలహాపై చల్లవలెను. ఈ శిలీంధ్రము గింజ ద్వారా కూడ పిల్లమొక్కకు చేరగలదు. కనుకనే ఎండు రెమ్మలున్న చెట్టు నుండి విత్తనము తీయరాదని పైన హెచ్చరించినాము.

ఈ శ్రమకు ఫలమేమి?

వేపలోని గుణమును మన పెద్దలు అనుభవముతో ఎరిగియుండగా, దానిని రసాయనశాలలో విడదీసి చూపిన ఆద్యులలో డాక్టరు సలీముజ్జమాన్ సిద్దీఖీ అగ్రగణ్యులు. హకీం అజ్మల్ ఖాన్ ప్రోత్సాహముతో ఢిల్లీ తిబ్బియా కళాశాలలో మూలికా పరిశోధన ప్రారంభించిన ఆయన, సర్పగంధి వేరు నుండి తీసిన పదార్థమునకు తన గురుతుల్యుని పేర అజ్మలీన్ అని నామకరణము చేసినారు. 1942లో వేపనూనె నుండి నింబిన్ మొదలగు చేదు పదార్థములను వేరుచేసినారు. యునానీ వైద్యమునకు, ఆధునిక రసాయనశాస్త్రమునకు నడుమ ఆయన వేసిన వంతెన అది.

పురుగుల ఆకలిని మాన్పి, వాని దశమార్పును చెడగొట్టు అజాడిరాక్టిన్ అను పదార్థమును 1968లో ఇంగ్లండులో వేపగింజల నుండి వేరుచేసినారు. దానిని ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేయుటకు కేంబ్రిడ్జిలో స్టీవెన్ లే బృందమునకు 22 సంవత్సరములు పట్టినది. 2007లో ఆ పని నెరవేరినది. మన వీధిలోని చెట్టు దానిని ప్రతి వేసవిలో చడిచప్పుడు లేకుండ తయారుచేస్తున్నది. ఐదు కిలోల వేపపప్పును పొడిచేసి, గుడ్డలో మూటగట్టి, నీటిలో రాత్రంతయు నానబెట్టి పిండి, వడగట్టి, కొంచెము సబ్బు కలిపి 100 లీటర్ల ద్రావణము చేసి సాయంకాలము చల్లితే, మన మిరప, ప్రత్తి చేలలో పురుగుల ఉధృతి తగ్గుతుంది. ఎండకు దీని శక్తి నశిస్తుంది కనుక సాయంవేళ మంచిది.

ఒక హెచ్చరిక తప్పదు. వేపనూనెను పసిబిడ్డల నోట పోయరాదు. అట్లు పోయుటవలన శిశువులు ప్రాణాపాయమునకు లోనైన సందర్భములు వైద్య గ్రంథములలో నమోదైనవి. గర్భిణీలు కూడ లోపలికి తీసికొనరాదు. చెట్టు మంచిదైనను మోతాదు తెలియని మందు మంచిది కాదు.

ఈ చెట్టు కీర్తి మన ఎల్లలు దాటినది. 1980 దశకములో మక్కా సమీపమున అరఫాత్ మైదానములో దాదాపు 50,000 వేపమొక్కలను పెంచినారు. ఒకప్పుడు నిలువనీడ లేని ఆ మైదానములో హాజీలు వేపనీడన నిలిచి దుఆ చేస్తున్నారు. వేపనూనెతో శిలీంధ్రములను అరికట్టు పద్ధతిపై 1994లో ఐరోపాలో ఒక అమెరికా కంపెనీకి పేటెంటు దక్కగా, ఇది భారతీయులకు ఏనాడో తెలిసిన విద్యయని మనవారు వాదించినారు. ఆ పేటెంటు 2000లో రద్దయినది. 2005లో అప్పీలు కూడ వీగిపోయినది. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వేపను రాష్ట్రవృక్షముగా ప్రకటించినది. వేప మనదని లోకమంతయు ఒప్పుకొన్నది. మరి మనదైన చెట్టునకు మనము ఇంతవరకు ఎన్ని గింజలు విత్తినాము?

ముగింపు

2023లో మేము వేడుక కొరకు ఎదురుచూడలేదు. కళాశాల తెరచిన వారములోనే గింజలేరి, కడిగి, ఆరబెట్టి, మూడవనాడు విత్తినాము. పెద్దలెవరూ రాలేదు, ఛాయాచిత్రములు లేవు. రెండవ వారము గడువకముందే సంచులలో పచ్చని తలలు లేచినవి. ఉర్దూ, తెలుగు విభాగముల విద్యార్థులు వంతులు వేసికొని సెలవులలో కూడ నీరు పోసినారు. ఏ మొక్క ఎవరిదన్న తగవు వచ్చినప్పుడు మాకు కలిగిన సంతోషము ఇంతింతనరానిది.

చెట్టు నాటినవానికి, దాని ఫలమును పక్షి తిన్నను, పశువు తిన్నను, మనిషి తిన్నను దానము చేసిన పుణ్యమే లభించునని ఇస్లాము సంప్రదాయము బోధిస్తున్నది. గ్రామదేవతకు వేపమండ కట్టి, ఉగాదినాడు వేపపూవు నోటవేసికొను సోదరులకు ఈ చెట్టు పవిత్రతను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. ఇరువురికిని వేపనీడ ఒక్కటే.

1950లో ప్రారంభమైన వనమహోత్సవము ఏటేటా జూలై మొదటి వారములో వస్తుంది. వేపపండు రాలు కాలమును అదియే. ఈ సంచిక మీ చేతికి అందునప్పటికి మన వీధులలో వేప పూతకు వస్తుంది. ఆ పూవు కాయయై, పండై రాలుటకు ఇంకను కొన్ని నెలల వ్యవధి కలదు. అంతలో సంచులు, ఎర్రమట్టి, ఎరువు సిద్ధము చేసికొనండి. మంచి చెట్లను గుర్తుపెట్టుకొనండి. పండు రాలిన తరువాత మాత్రము ఆలస్యము చేయకండి. ఆ గింజకు వ్యవధి మూడు వారములే.